పదిహేడో నంబరు రోగి నడక

మల్లన్నకు గజ్జల్లో పేగు జారి మూడేళ్లయింది. పొద్దున కనిపించేది కాదు. మధ్యాహ్నం దాకా మంద వెంట తిరిగేసరికి నిమ్మకాయంత ఉబ్బేది. దాన్ని అరచేత్తో లోపలికి నెట్టి, తువ్వాల బిగించి కట్టుకుని అలాగే గొర్రెలు కాశాడు. ఆ ఏడు వానలు వెనకబట్టాక కట్టంగూర్ దగ్గరున్న వాళ్ల ఊరికి ఒక బస్సు వచ్చింది. అది నల్గొండ అవతల, దేవరకొండ రోడ్డులో కొత్తగా లేచిన జ్ఞానసాగర్ మెడికల్ కాలేజీ వాళ్లది. కాలేజీ నడవాలంటే మంచాల మీద రోగులుండాలి. రోగులు తమంతట తాము రావడం లేదు కనుక కాలేజీయే ఊరూరా తిరిగి తెచ్చుకుంటోంది. బస్సుకు కిరాయి లేదు, ఆపరేషన్‌కు ఖర్చు లేదు, రెండు పూటలా అన్నం. మల్లన్న ఎక్కాడు. అతని భార్య గుర్వమ్మ, ఎనభై గొర్రెలను నాలుగు రోజుల మాట అని తన తమ్ముడికి అప్పగించి, సంచిలో బట్టలు సర్దుకుని వెంట వచ్చింది.

ఆపరేషన్‌కు ముందురోజు మధ్యాహ్నం శ్రీదేవి వాళ్ల మంచం దగ్గరికి వచ్చింది. ఆమె మత్తు డాక్టరు. ఇంకా పీజీ చదువుతోంది. చివరి పరీక్షకు కూర్చోవాలంటే ఏదో ఒక పరిశోధన చేసి చూపించాలి. విషయం ఆమె ఎంచుకున్నది కాదు, ప్రొఫెసర్ కమలాకర్ ఇచ్చింది. పేగు జారిన ఆపరేషన్ తర్వాత నొప్పి తెలియకుండా మామూలుగా కోత చుట్టూ ఒక ఇంజెక్షన్ ఇస్తారు. ఈమధ్య కొన్నిచోట్ల నడుం పక్క నుంచి, స్కాన్‌లో చూస్తూ, కండరాల పొరల మధ్యకు మందు ఎక్కిస్తున్నారు. ఈ కొత్త పద్ధతిలో రోగి తొందరగా లేచి తిరుగుతాడని కమలాకర్ నమ్మకం. నలభై మంది రోగులను తీసుకుని, చీటీలో ఏది వస్తే అది, సగం మందికి పాత పద్ధతి, సగం మందికి కొత్త పద్ధతి. మందు ఇచ్చే డాక్టరు వేరు. ఎవరికి ఏది పడిందో రోగికీ తెలియదు, తర్వాత నొప్పి అడిగే శ్రీదేవికీ తెలియదు, కమలాకర్‌కూ తెలియదు. నలభై మందీ పూర్తయ్యేదాకా ఆ చీటీలున్న కవర్లు విప్పరు.

“నొప్పి అసలే లేకుంటే సున్న అని చెప్పాలె మల్లన్నా. ఇగ ఓర్చుకోలేనంత ఉంటే పది. ఇంటికి పోయినంక నేను రోజు పొద్దుగూకంగ ఫోన్ చేసి అడుగుత,” అంది శ్రీదేవి.

“పదికి మీద లేదా మేడం?”

“లేదు.”

“నడుమ ఎంతన్న చెప్పొచ్చునా?”

“ఎంతుంటే అంత చెప్పాలె.”

మల్లన్న తల ఊపాడు. అతను ముప్పై ఏళ్లుగా సంతల్లో పొట్టేళ్లు అమ్ముతున్న మనిషి. ముందే తక్కువ చెప్పినవాడు బాగుపడినట్టు అతను ఎక్కడా చూడలేదు.

నాలుగు పేజీల ఒప్పుకోలు కాగితం మీద మల్లన్న సంతకం పెట్టాడు. సాక్షి అన్నచోట గుర్వమ్మ వేలిముద్ర వేయించారు. ఏమైనా అడుగుతుందేమోనని శ్రీదేవి ఆమె ముఖంలోకి చూసింది.

“ఇంటికెప్పుడు తోలిస్తరు?” అని మాత్రం అడిగింది గుర్వమ్మ.

ఆపరేషన్ సాఫీగా అయింది. మూడో రోజు పంపించేటప్పుడు శ్రీదేవి మల్లన్న ఎడమ చేతికి నల్లటి రబ్బరు పట్టీ ఉన్న గడియారం కట్టింది. అది అడుగులు లెక్కపెడుతుంది, గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో రాసుకుంటుంది. మల్లన్న ఫోను దగ్గరికి వస్తే చాలు, లెక్కంతా దానంతటదే కాలేజీ కంప్యూటర్‌కు చేరుతుంది.

“పదిహేను దినాలు తీయొద్దు. స్నానం చేసినా ఏం గాదు. శానాసేపు కూసుంటే ఇది చేతి మీద గుర్రుమంటది. అప్పుడు లేచి నాలుగడుగులు వెయ్యాలె. ఇది ఆగితే నా చదువు గుడ ఆగినట్టే,” అని నవ్వింది.

మల్లన్న ఆ మాటను నవ్వులాటగా తీసుకోలేదు.

ఇంటి దగ్గర గుర్వమ్మ తమ్ముడు, ఒప్పుకున్న రోజులు అయిపోయాయని గొర్రెలను దొడ్లో తోలి వెళ్లిపోయాడు. అతని పత్తి చేలో ఉంది. ఇన్నాళ్లూ మందను పొద్దున మల్లన్న తోలుకుపోతే, మధ్యాహ్నం నుంచి గుర్వమ్మ చూసుకునేది. ఇప్పుడు రెండు పూటలూ ఆమెదే అయింది. వరి కోసిన మళ్లలో కాసేపు, కాలువ గట్టు మీద కాసేపు, గుట్ట కింద కాసేపు తిప్పి దీపాలవేళకు తెచ్చేది. మల్లన్న రేకుల పంచలో నులక మంచం మీద పడుకునేవాడు. గంటకోసారి గడియారం గుర్రుమనేది. లేచి నాలుగడుగులు వేసేవాడు. కుట్లు లాగేవి. మళ్లీ పడుకునేవాడు. మళ్లీ గుర్రుమనేది.

రెండో రోజు సాయంత్రం అన్నం తినేటప్పుడు భార్యతో అన్నాడు.

“ఇది అత్త లెక్క సతాయిస్తాంది. జర కన్ను మూసిన్నో లేదో లెవ్వంటది.”

“మరి లేచి తిరుగు.”

“తిరిగితె గుంజుతాంది. పండుకుంటె ఇది ఆగుతాంది. ఆగితె ఆ పిల్ల చదువు కరాబైతదట.” గడియారం పట్టీ విప్పాడు. “నువ్వెట్లన్న తిరుగుతనే ఉంటివి. నువ్వు కట్టుకో.”

గుర్వమ్మ చేయి చాపింది. రబ్బరు పట్టీ ఆమెకు వదులైంది. చివరి రంధ్రానికి బిగించాడు. అప్పటిదాకా ఆమె గడియారం పెట్టుకుని ఎరగదు. మరునాడు గట్టు మీద నడుస్తుంటే అది ఒకసారి వణికింది. భయపడి చూసుకుంటే అద్దంలో రంగురంగుల నక్షత్రాలు పైకి లేచి ఆరిపోయాయి. పదివేల అడుగులయ్యాయని దాని భాషలో చెప్పే మెచ్చుకోలు అది. గుర్వమ్మకు సంగతి తెలియలేదు. కానీ బాగుందనిపించింది. ఆ తర్వాత రోజూ ఆ వేళకు చేతి వంక చూసుకునేది.

శ్రీదేవి కంప్యూటర్‌లో మల్లన్న పేరు లేదు. అతను పదిహేడో నంబరు రోగి. మొదటి రెండు రోజులూ పదిహేడో నంబరు ఎనిమిది వందల అడుగుల చొప్పున నడిచాడు. మూడో రోజు పంతొమ్మిది వేల నాలుగు వందలు నడిచాడు. శ్రీదేవి అంకెను రెండుసార్లు చూసి ఫోన్ చేసింది. ఎత్తింది గుర్వమ్మ. “ఇస్తున్న మేడం,” అంది ఆయాసపడుతూ. మల్లన్న అందుకున్నాడు.

“నొప్పెంతున్నది మల్లన్నా?”

“ఎనిమిది.”

“ఎనిమిదా? బాగ తిరుగుతున్నవ్ గద మరి?”

“గడియారం ఏం చెప్తాంది మేడం?”

“పంతొమ్మిది వేలు దాటింది.”

“అయితె నడుస్తాంది. మంచిది,” అన్నాడు తృప్తిగా.

నాలుగో రోజు ఇరవై ఒక్క వేలు, నొప్పి ఎనిమిది. ఐదో రోజు ఇరవై వేలు, నొప్పి ఎనిమిది. మిగతా రోగుల్లో పదివేలు దాటినవాడు లేడు. ఒకడే ఆకాశంలో ఉన్నాడు. శ్రీదేవి ఆ గీతను కమలాకర్‌కు చూపించింది.

కమలాకర్ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆయన పదేళ్లుగా ఇలాంటి గీత కోసం చూస్తున్నాడు. ప్రొఫెసర్‌గా నిలబడాలంటే పెద్ద పత్రికలో ఒక్క వ్యాసమన్నా రావాలి. ఆయనవి వచ్చినవన్నీ చిన్నవాటిలోనే.

“ఇతనికి కొత్త పద్ధతే పడి ఉంటుంది. పందెం,” అన్నాడు.

“కానీ సార్, నొప్పి ఎనిమిది అంటున్నాడు.”

“అదే అసలు విషయం. పల్లెటూరి రోగి నోటితో చెప్పే నొప్పిని మనం ఇన్నాళ్లూ నమ్ముతున్నాం. రెండుంటే ఎనిమిది చెప్తారు. మాట్లాడేది నోరు, నిజం చెప్పేది కాలు.” ఆయనకు ఆ వాక్యం నచ్చింది. పక్కనున్న కాగితం మీద రాసుకున్నాడు.

శ్రీదేవికి ఇంకో అంకె గుచ్చుకుంటోంది. నడిచేటప్పుడు పదిహేడో నంబరు గుండె నిమిషానికి నూట నలభై సార్లు కొట్టుకుంటోంది. కూర్చున్నప్పుడు కూడా నూట ఎనిమిదికి తగ్గడం లేదు. ఆ మాట చెప్తే, “అన్ని మైళ్లు నడిస్తే కొట్టుకోదా?” అన్నాడు కమలాకర్. అయినా జాగ్రత్త మంచిదే కనుక పిలిపించమన్నాడు. రోగిని చూడాలని ఆయనకూ ఉంది.

తొమ్మిదో రోజు మల్లన్న కాలేజీ బస్సులో వచ్చాడు. డాక్టర్ల దగ్గరికి పోతున్నాడు కదా అని గడియారం తిరిగి తానే కట్టుకున్నాడు. గుర్వమ్మ మంద వెంట పోయింది. అతని గుండె పరీక్షించారు, రక్తం తీశారు. గుండె డెబ్భై రెండు సార్లు నిదానంగా కొట్టుకుంటోంది. రక్తం ఊళ్లో సర్పంచ్‌కు కూడా ఉండనంత బాగుంది. శ్రీదేవికి ఏమీ అర్థం కాలేదు.

కమలాకర్ అతన్ని తరగతి గదిలోకి తీసుకుపోయి విద్యార్థుల ముందు నిలబెట్టాడు.

“మీరు రోజూ ఎంత నడుస్తున్నారో వీళ్లకు చెప్పండి.”

“గడియారంల ఉన్నది గద సారు.”

“ఇరవై వేల అడుగులని ఉంది. నిజమేనా?”

“గడియారం అబద్ధం చెప్తదా సారు?”

విద్యార్థులు రాసుకున్నారు. ఆ రోజు మల్లన్న లెక్క పదకొండు వందల అడుగులు మాత్రమే వచ్చింది. బస్సులో కూర్చుని వచ్చాడు కదా అన్నాడు కమలాకర్.

పన్నెండో రోజు ఆదివారం. శ్రీదేవి రామన్నపేటలో అమ్మానాన్నల దగ్గరికి వెళ్లింది. ఆమె తండ్రి బెంజమిన్ కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా ముప్పై రెండేళ్లు స్తంభాలెక్కి దిగి రిటైరైనవాడు. చర్చి నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నప్పుడు ఆమె తన పరిశోధన గురించి చెప్పుకొచ్చింది. కొత్త సూది గురించి, గడియారాల గురించి, ఎనిమిది నొప్పితో ఇరవై వేల అడుగులు నడిచే మల్లన్న గురించి. బెంజమిన్ ఆసక్తిగా విన్నాడు.

“గొర్లు గాసెటాయనా?” అన్నాడు.

“అవు నాయినా. ఎనభై ఉన్నయట.”

“ఆయనకు ఆపరేషనైంది గద. మరి గొర్లను ఎవరు మేపుతున్రు?”

శ్రీదేవి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నాలుగు పేజీల ఒప్పుకోలు కాగితంలోనూ, రోజూ నింపే పట్టికలోనూ, ప్రొఫెసర్ గదిలోనూ ఆ ప్రశ్న ఎక్కడా లేదు. ఫోన్ ఎత్తి “ఇస్తున్న మేడం” అనే గొంతు గుర్తొచ్చింది. పన్నెండు రోజులుగా ఆ గొంతు ఆయాసంగానే ఉంది. ఒక్క రోజు కూడా ఎందుకని అడగలేదు.

“నాయినా, బండి తీస్తవా?” అంది.

నార్కట్‌పల్లి మీదుగా హైవే ఎక్కి, మల్లన్న వాళ్ల ఊరు చేరేసరికి మూడు దాటింది. మల్లన్న నులక మంచం మీద ఫోన్‌లో కుస్తీ పోటీలు చూస్తున్నాడు. డాక్టరమ్మను చూసి గబుక్కున లేవబోయి, పొత్తికడుపు పట్టుకుని మెల్లగా లేచాడు. ఎడమ చేయి ఖాళీగా ఉంది.

“గడియారమేది మల్లన్నా?”

“నడుస్తాంది మేడం.”

“యాడ?”

మల్లన్న కాలువ గట్టు వైపు చేయి చూపించాడు. అతని ముఖంలో తప్పు చేసిన ఛాయ ఏమీ లేదు. “ఆగొద్దంటిరి. నా చేతికుంటె ఆగుతాంది. మీ చదువు నా తోని కరాబు గావద్దని గింత తిప్పలు పడ్డం.”

శ్రీదేవికి కోపం తెచ్చుకోవడానికి చోటు దొరకలేదు. కుట్లు చూపించమంది. కోత దగ్గర కొంచెం ఎర్రగా ఉంది, గట్టిగా ఉంది. నొక్కితే ముఖం చిట్లించాడు. అతను రోజూ చెప్పిన ఎనిమిది నిజమై ఉండొచ్చు, బేరమై ఉండొచ్చు. ఈ పన్నెండు రోజుల్లో దాన్ని తేల్చుకోవాలని ఎవరికీ తోచలేదు. మందు చీటీ రాసిచ్చి, తండ్రితో కలిసి గట్టు వైపు నడిచింది.

గుర్వమ్మ తుమ్మచెట్టు కింద కర్రకు ఆనుకుని కూర్చుని ఉంది. మంద కాలువలోకి వంగి నీళ్లు తాగుతోంది. డాక్టరమ్మను చూసి లేవబోయింది. లేస్తూనే కళ్లు తిరిగినట్టయి కర్ర గట్టిగా పట్టుకుంది. శ్రీదేవి ఆమెను కూర్చోబెట్టి, కింది కనురెప్ప లాగి చూసింది. లోపల ఎరుపు అన్నది లేదు. గోళ్లు సున్నం వేసినట్టున్నాయి. చేయి పట్టుకుంటే నాడి పరుగెత్తుతోంది. అదే చేతికి గడియారం, అద్దం మీద నూట పన్నెండు. బెంజమిన్ పక్కకు వెళ్లి గొర్రెలను చూస్తూ నిలబడ్డాడు.

“నెత్తురు పోతున్నదా అమ్మా?”

గుర్వమ్మ అటూ ఇటూ చూసింది. “రెండేండ్లాయె బిడ్డా. నెలల ఇరువై దినాలు పోతనే ఉంటది. వయసు మళ్లుతె గట్లనే ఉంటదన్నరు.”

“నొప్పి?”

“కడుపుల ఉంటది. నడుముల ఉంటది.”

“ఎంతుంటది?” అంది శ్రీదేవి, పన్నెండు రోజుల అలవాటుగా. “సున్న నుంచి పదిల?”

“ఆయన ఎంత చెప్పిండు?”

“ఎనిమిది.”

గుర్వమ్మ వేళ్ల మీద లెక్క చూసుకుంది. “అయితె నాది మూడు రాసుకో. ఇద్దరం పండుకుంటె మంద ఎట్ల?”

శ్రీదేవి రాసుకోలేదు. అక్కడి నుంచే ఆసుపత్రికి ఫోన్ చేసి మంచం ఒకటి ఉంచమంది. గుర్వమ్మ రేపు పొద్దున కాదు, ఎల్లుండి అంది. ఎల్లుండి కూడా కుదరదంది. ఆఖరికి బెంజమిన్ కలగజేసుకుని ఇంటికి పోయి మల్లన్నతో మాట్లాడాడు. ఏం మాట్లాడాడో శ్రీదేవికి వినపడలేదు. కానీ మల్లన్న బావమరిదికి ఫోన్ చేశాడు. బావమరిది పత్తి ఇంకా ఉందన్నాడు. ఊళ్లో ఒక గొల్లాయన తన మందలో కలుపుకోవడానికి ఒప్పుకున్నాడు. మరునాడు పొద్దున కాలేజీ బస్సులో మొదటి సీట్లో గుర్వమ్మ కూర్చుంది.

ఆమె రక్తం ఐదు పాయింట్ ఎనిమిది ఉంది. ఉండాల్సిన దాంట్లో సగం లేదు. అంత తక్కువ రక్తంతో మనిషి మెట్లెక్కడమే కష్టం. ఆమె రోజుకు ఇరవై వేల అడుగులు వేసింది. స్కాన్‌లో గర్భసంచి నిండా గడ్డలు కనిపించాయి. ముందు మూడు సీసాల రక్తం ఎక్కించారు. నెలన్నర మాత్రలు వాడి, రక్తం పదికి వచ్చాక గర్భసంచి తీసేశారు. ఆ ఆపరేషన్‌కు మత్తు ఇచ్చింది శ్రీదేవే. నడుం పక్క నుంచి పొరల మధ్యకు మందు ఎక్కించే ఆ కొత్త సూదే గుర్వమ్మకు ఇచ్చింది, ఏ చీటీ తీయకుండా. పరిశోధన పేగు జారిన మగవాళ్ల మీద కనుక గుర్వమ్మ నొప్పికి ఏ పట్టికలోనూ గడి లేదు. శ్రీదేవి మామూలుగా పోయి, మంచం అంచున కూర్చుని ఎట్లున్నదని అడిగేది. రెండో రోజు గుర్వమ్మ చెప్పింది, “గీ దవాఖానల నాకు దొరికినంత నిద్ర పెండ్లయినంక యాడ దొరకలే.”

ఇదంతా జరగకముందే, ఆ సోమవారం నాడే, శ్రీదేవి కమలాకర్ గదికి పోయి పదిహేడో నంబరు గడియారం ఎవరి చేతికుందో చెప్పేసింది. ఆయన లేచి గది తలుపు వేశాడు.

“ఫైలులో రాశావా?”

“రాశాను సార్. తేదీ వేసి సంతకం పెట్టాను.”

“తొందరపడ్డావు. అతను రెండు రోజులు తన చేతికే కట్టుకున్నాడు కదా. ఒక్కడు తప్పితే అందరూ తప్పినట్టు కాదు. నలభై అయ్యాక చూద్దాం.”

ఆ “చూద్దాం” నాలుగు నెలలు నడిచింది. శ్రీదేవి ఊరుకోలేక, అప్పటికే గడియారాలు కట్టుకున్న మిగతా వాళ్లందరికీ ఫోన్ చేసి ఒక్క ప్రశ్న అడిగింది: గడియారం ఎవరి చేతికుంది? చాలామంది తమ చేతికే అన్నారు. రామన్నపేట దగ్గరి పదకొండో నంబరుది మాత్రం కోడలు పెట్టుకుని కూలికి పోతోంది. ఆమెకు ముచ్చటేసిందట. పద్దెనిమిదో నంబరు నుంచి ఆ ప్రశ్నను శ్రీదేవి తన పట్టికలో మొదటి గడిగా చేర్చింది. కమలాకర్ ఆ గడిని కొట్టేయలేదు. గదిలో ఆమె ఉన్నప్పుడు ఫోన్ మాట్లాడటం మాత్రం మానేశాడు.

మార్చిలో నలభై మందీ పూర్తయ్యారు. కవర్లు విప్పారు. లెక్కలు కట్టే రాకేష్ కంప్యూటర్ ముందు కూర్చుని పాత పద్ధతి వాళ్లను ఒక పక్క, కొత్త పద్ధతి వాళ్లను ఒక పక్క పెట్టాడు. పెట్టి, “సార్, రెండింటికీ తేడా లేదు,” అన్నాడు.

“ఉండాలి,” అన్నాడు కమలాకర్. “పదిహేడు చూడు. అదొక్కటే చాలు.”

“దానివల్లే సార్. పదిహేడు పాత పద్ధతిలో ఉంది.”

కమలాకర్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అంటే మల్లన్నకు పడింది మామూలు ఇంజెక్షనే. ఇరవై వేల అడుగులు నడిచిన మహానుభావుడు తప్పు వైపున నిలబడి, పాత పద్ధతిని పైకెత్తి, పదేళ్ల ఆశను కింద పడేస్తున్నాడు. పదకొండో నంబరు కూడా అటువైపే ఉంది.

పావుగంటలో ఆయన శ్రీదేవిని వెతుక్కుంటూ ఆపరేషన్ థియేటర్ దాకా వచ్చాడు. అంతకుముందు ఎన్నడూ అట్లా రాలేదు.

“అమ్మా, ఆనాడు నువ్వేదో చెప్పావు. పదిహేడో రోగి గడియారం సంగతి. రాతపూర్వకంగా ఉందన్నావు కదా?”

“ఉంది సార్. నవంబరులోనే.”

“మంచి పని చేశావు. పరిశోధనలో నిజాయితీ కంటే పెద్దది లేదు. ఇట్లాంటి వాటిని మనం ఒక్క నిమిషం కూడా ఉంచకూడదు.” ఆయన గొంతులో నిజమైన ఆవేశం ఉంది. ఆ క్షణాన ఆయన ఆ మాట నమ్మాడు కూడా. “ఆ పదకొండో నంబరు గురించి కూడా రాశావా?”

అదీ రాసి ఉంది.

ఇద్దరినీ తీసేశారు. ముప్పై ఎనిమిది మంది మిగిలారు. కొత్త పద్ధతి వాళ్లు పాత పద్ధతి వాళ్ల కన్నా రోజుకు పన్నెండు వందల అడుగులు ఎక్కువ నడిచారని తేలింది. ఆ తేడా నిజమైనదేనని శ్రీదేవికీ అనిపించింది. అనిపించడమే ఆమెకు బాధగా ఉంది, ఎందుకంటే కవర్లలో చీటీలు అటుదిటు అయి ఉంటే ఏం జరిగేదో ఆమెకు తెలుసు. ఆ మాటే కమలాకర్‌తో అంది. “కానీ కాలేదు కదా,” అన్నాడాయన, ఆమె భుజం తట్టి.

వ్యాసం పెద్ద పత్రికలోనే వచ్చింది. చదివి చూసిన పెద్దలు రెండు విషయాలను మెచ్చుకున్నారట. ఒకటి కొత్త సూది. రెండోది, గడియారం ఎవరి చేతికుందో అడిగి నిర్ధారించుకున్న జాగ్రత్త. ఇట్లాంటి అధ్యయనాల్లో అది అరుదట. హైదరాబాద్ సభలో కమలాకర్ ఆ జాగ్రత్త గురించే ఇరవై నిమిషాలు మాట్లాడి శాలువా కప్పించుకున్నాడు. బెంజమిన్ పేరు ఎవరూ తలవలేదు. ఆయనకూ ఆ సంగతి తెలియదు. కూతురు పరీక్ష పాసైందని రామన్నపేటలో పదిమందికి బిర్యానీ పెట్టాడు.

మరుసటి ఏడు కార్తీకంలో గుర్వమ్మ చూపించుకోవడానికి ఒంటరిగా వచ్చింది. ముఖం నిండింది. రక్తం పదకొండున్నర. శ్రీదేవి ఇప్పుడు అదే కాలేజీలో జీతం మీద పనిచేస్తోంది. పరీక్షలన్నీ అయ్యాక ఆమెను క్యాంటీన్‌కు తీసుకుపోయి చాయ్ ఇప్పించింది. మాటల్లో వ్యాసం అచ్చయిన సంగతి చెప్పింది.

“అండ్ల నా పేరున్నదా బిడ్డా?” అంది గుర్వమ్మ.

“ఎవరి పేర్లు ఉండవమ్మా. నంబర్లే ఉంటయి.”

“ఆయన నంబరు?”

“లేదు. గడియారం ఆయన చేతికి లేదు గదా, తీసేసినం.”

గుర్వమ్మ గ్లాసు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చప్పుడు లేకుండా నవ్వింది. భుజాలు కదిలేలా నవ్వింది.

“ఏమైందమ్మా?”

“ఆయన ఊరంత తిరిగి చెప్పుకుంటున్నడు. కోసి కుట్లేసినంక మూడో దినం నుంచే ఇరువై వేల అడుగులు నడిచిన్నట. నా నడక మీద డాక్టర్లు పుస్తకం రాసిన్రు, పిల్లలకు పాఠం చెప్తున్రు అంటడు. మొన్న కులపోళ్ల మీటింగుల ముందట కుర్చీ ఏసి కూసోబెట్టిన్రు.”

“మరి మీరేమనలేదా?”

“ఏమంట? అట్ల చెప్పుకున్నసంది ఇంట్ల కూసోనికె సిగ్గైతాంది ఆయనకు. పొద్దుగాల్నే లేచి మందను తనే కొట్కపోతున్నడు, రెండు పూటల.” గ్లాసు మళ్లీ అందుకుంది. “నువ్వు ఫోన్ల గిట్ల మాట్లాడితె తీసేసిన సంగతి చెప్పకు బిడ్డా.”

చెప్పనంది శ్రీదేవి. గుర్వమ్మ చాయ్ చివరి చుక్కదాకా తాగింది. నల్గొండ బజారులో చీర చూసుకోవాలని, నాలుగింటి బస్సుకు పోతానని చెప్పి, సంచి చంకన పెట్టుకుని గేటు వైపు నడిచింది.